నాట్లు అయ్యాక చూపించిన కాళ్ళు

సార్వా నాట్లు ముమ్మరంగా సాగే రోజుల్లో గోదావరి పశ్చిమ డెల్టాలోని గణపవరం చుట్టుపక్కల గర్భిణులు తమ కాళ్ళ మాట ఎత్తరు. జూలై, ఆగస్టు గడిచి, ఊడుపులు అయిపోయి, చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక అప్పుడు చెబుతారు. "పొద్దుగూకేసరికి కాళ్ళు బరువెక్కిపోతన్నాయండి" అని ఒకామె అంటుంది. "పిక్కల మీద నరాలు తేలిపోయాయమ్మగారూ, చూడండి" అని ఇంకొకామె చీర అంచు కాస్త పైకెత్తి చూపిస్తుంది. పిప్పర, సరిపల్లె, అర్ధవరం, జల్లికొమ్మర, కేశవరం ఊళ్ళలో నర్సమ్మగా తిరిగి, చివరికి హెల్త్ విజిటర్‌గా రిటైరైనదాన్ని నేను. బరువు, బీపీ, రక్తం శాతం, ఇంజక్షన్ల తేదీలు అన్నీ రాసుకునేవాళ్ళం. ఈ కాళ్ళ గురించి రాసుకోవడానికి మాత్రం మా రిజిస్టర్‌లో గడి ఉండేది కాదు. ఆ గడిలో రాయాల్సింది చాలా ఉందని ఉద్యోగం పొడుగునా అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఒంట్లో జరిగేది చెప్పాలి. గర్భం నిలిచాక ఆడమనిషి ఒంట్లో నెత్తురు నెమ్మదిగా 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ప్రొజెస్టరాన్ అనే హార్మోను సిరల గోడల్ని వదులు చేస్తుంది. నెలలు ముదిరేకొద్దీ గర్భసంచి బరువు కాళ్ళ నుంచి గుండెకు వెళ్ళే పెద్ద సిర మీద పడుతుంది. సిరల లోపల, పైకెక్కిన నెత్తుర్ని కిందకి జారనివ్వకుండా మన కాలవ లాకుల తలుపుల్లాంటి కవాటాలుంటాయి. గోడలు సాగినప్పుడు ఆ రెండు రెక్కలూ కలవవు. నెత్తురు వెనక్కి జారి పిక్కల్లోనూ తొడల్లోనూ నిలవ ఉండిపోతుంది, సిర ఉబ్బి మెలికలు తిరుగుతుంది. ఎడమ కాలి నుంచి వచ్చే సిర, కుడి కాలికి వెళ్ళే ధమని కింద నలుగుతూ వెళ్తుంది కాబట్టి చాలామందికి ఎడమ కాలే ముందు బయటపడుతుంది. మనిషి కదలకుండా నిలబడి ఉంటే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడుస్తుంటే పిక్క కండ బిగుస్తూ వదులవుతూ నెత్తుర్ని పైకి తోస్తుంది కాబట్టి అదే ఒత్తిడి 30కి అటూ ఇటూగా దిగుతుంది. పడుకుంటే ఇంకా తక్కువ. ఈ జబ్బుకి ప్రపంచంలో ఎవరు ఏ వైద్యం చేసినా ఈ మూడు ఒత్తిళ్ళ మధ్యే చేశారు.

ఇక మా నేల సంగతి. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. అంతకు ముందు ఇక్కడ వరి లేదని కాదు, వాన మీదా చెరువు మీదా ఆధారపడిన వరి ఉండేది. పశ్చిమ డెల్టా కాలవలు ఏలూరు దాకా, కొల్లేటి అంచు దాకా వచ్చాక ఏటా తప్పకుండా నీళ్ళు అందే మాగాణి వచ్చింది. అంత మాగాణికి అంతమంది ఊడ్చేవాళ్ళు కావాలి, ఊడ్చేది ఆడవాళ్ళు. తర్వాత దాళ్వా కూడా స్థిరపడ్డాక ఏడాదికి రెండు నాట్లు అయ్యాయి: సార్వాకి జూలై, ఆగస్టు, దాళ్వాకి డిసెంబరు, జనవరి. తొమ్మిది నెలల గర్భం ఏ నెలలో మొదలైనా సరే, ఈ రెండింటిలో ఏదో ఒక నాటు దాని మీద పడక తప్పదు. నేను చూసిన చూలింతల కాళ్ళన్నిటి మీదా ఈ లెక్క కనబడేది. కాటన్ దొర బొమ్మకి దండ వేసే ఊళ్ళలో పుట్టినదాన్ని, ఆ దండ నేనూ వేస్తాను. కానీ ఆ కాలవల నీటితో పండిన అన్నం వెనక ఎంతమంది గర్భిణుల పిక్కలున్నాయో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నాటు చూడనివాళ్ళకి చెబుతున్నాను. తెల్లారకుండా ఆకుమడిలో దిగి ఆకు తీయాలి, కట్టలు కట్టాలి. దమ్ము చేసిన చేలోకి దిగి, మోకాళ్ళు వంచకుండా నడుం వంచి, వెనక్కి వెనక్కి జరుగుతూ నాటాలి. పొలం ముఠాకి గుత్తకిస్తారు, ఎకరానికి ఇంత అని. ముఠాలో ఒకామె గట్టెక్కి కూర్చుంటే ఆమె వరస మిగతావాళ్ళు నాటాలి. అందుకని ఏడో నెల వాళ్ళూ, ఎనిమిదో నెల వాళ్ళూ కూడా గట్టెక్కరు. "అందరూ చేస్తుంటే నేనెలా కూచుంటానండీ" అనే మాట ఇంటింటా విన్నాను. సొంత పొలం ఉన్న ఇంటి కోడలికి నాటు లేదు, కానీ పొయ్యి దగ్గర నిలబడడం, నాటుకొచ్చినవాళ్ళకి వండి వార్చడం ఉండేవి. ఇంటి కోడలు అత్తగారి ముందూ మామగారి ముందూ కుర్చీలో కూర్చోని రోజులవి.

మా అమ్మమ్మవి ఏడు కాన్పులు. ప్రతి కాన్పుకీ ఆ నరాలు కొంచెం తగ్గి, మళ్ళీ వచ్చినప్పుడు ఇంకొంచెం పెరిగేవట. ముసలితనంలో చీలమండ లోపలి వైపు నల్లబడి, మానని పుండు పడింది. డెల్టా ఊళ్ళలో అలాంటి పుండు ఉన్న ముసలమ్మ లేని వీధి ఉండేది కాదు. షుగరు పుండు అనుకునేవారు. చాలాసార్లు అది ముప్పై, నలభై ఏళ్ళ కిందటి గర్భాల పుండు.

మంత్రసాని చేతి వైద్యం ఎలా ఉండేదో అమ్మమ్మ దగ్గరా, ఆ పని చేసిన పెద్దవాళ్ళ దగ్గరా అడిగి తెలుసుకున్నాను. ఆముదం గోరువెచ్చగా చేసి పాదం నుంచి పైకి రాసేవారు. కింద నుంచి పైకే, పై నుంచి కిందకి చెయ్యి లాగకూడదని గట్టి నియమం. నులక మంచానికి కాళ్ళ వైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టేవారు. తెల్ల గలిజేరు ఆకు పప్పులో వేసి పెట్టేవారు, బార్లీ నీళ్ళు తాగించేవారు, పల్లేరు కాయల కషాయం ఇచ్చేవారు, ఉప్పు మాన్పించేవారు. వావిలాకు మరిగించిన వేన్నీళ్ళు పోసేవారు. వీటిలో నూటికి నూరు పాళ్ళూ నిలబడేది ఇటుకల వైద్యం. గుండె కంటే పాదం ఎత్తుగా ఉంటే నెత్తురు దానంతట అదే దిగి వెళ్తుంది. నేను చదువుకున్న చదువు కూడా ఇంతకంటే మంచి మాట చెప్పలేదు. నూనె చేతిని పైకి లాగడం కూడా సరైనదే. వేన్నీళ్ళు ఆ పూటకి హాయిగా ఉంటాయి, కానీ వేడికి సిరలు మరింత సాగుతాయి. నీరు తీసే కషాయాలు గర్భిణికి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. ఉప్పు పూర్తిగా మాన్పించడమూ అక్కర్లేదు.

వాపు మొదట తెలిసేది కాళ్ళ పట్టీల వల్ల. ఐదో నెలలో వదులుగా తిరిగే పట్టీ ఏడో నెలకి చర్మంలోకి దిగి గాడి పడేది. శుభానికి పెట్టినవి తీయకూడదని కొందరు అత్తలు ఒప్పుకునేవారు కాదు. "తీసి పెట్టెలో దాచండమ్మా, పురిటి స్నానం నాడు మళ్ళీ పెట్టుకుంటుంది" అంటే దిగివచ్చేవారు.

పాత శాస్త్రాలు ఈ జబ్బుని ఎరుగుదుమనే చెబుతాయి. బలహీనులు శ్రమ ఎక్కువ చేస్తే సిరలు ముడిపడి గడ్డగా ఏర్పడతాయని సుశ్రుత సంహిత సిరాజ గ్రంథి పేరుతో వర్ణించింది. బలహీనత, శ్రమ ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టడం నాకు గొప్పగా అనిపిస్తుంది. సిరను పొడిచి నెత్తురు తీయడం ఆ వైద్యంలో పెద్ద సాధనం, అయినా గర్భిణికి మాత్రం అది చేయకూడదని అదే గ్రంథం కట్టడి చేసింది. అటు రోములో సేనాపతి మారియస్ ఒక కాలి నరాలు కట్టేయించుకోకుండానే కోయించుకుని, ఆ బాధకి ఆ ఫలితం చాలదని రెండో కాలు ఇవ్వనన్నాడని ప్లూటార్క్ రాశాడు. 1890 ప్రాంతంలో జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ తొడ దగ్గర పెద్ద సిరను ముడి వేసే ఆపరేషను తెచ్చాడు. ఇంజక్షన్లూ వచ్చాయి, తర్వాత లేజరొచ్చింది. వీటిలో ఏదీ గర్భిణికి పనికిరాదు. కాన్పయ్యాక మూడు నాలుగు నెలల్లో చాలావరకు నరాలు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి అప్పటిదాకా కత్తి పెట్టరు. అంటే శస్త్రవైద్యం ఎంత ముందుకెళ్ళినా మా చూలింత మంచం కింది ఇటుకల దగ్గరే ఉండిపోయింది.

మా ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉంది, బోదకాలు. గోదావరి డెల్టా ఆ జబ్బుకి పెట్టింది పేరు. కాలు వాచిందంటే చాలు, ఆ ఇంట్లో అందరి గుండెల్లోనూ అదే భయం. పెళ్ళై మొదటి గర్భంతో ఉన్న పిల్లకి ఎడమ కాలు వాస్తే, "మాకు బోదకాలు పిల్లని అంటగట్టారు" అని పుట్టింటికి కబురు పెట్టిన అత్తవారిని చూశాను. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఆ శాఖవాళ్ళు రాత్రిళ్ళు లాంతర్లతో ఇంటింటికీ వచ్చి వేలి కొసన నెత్తుటి చుక్క తీసేవారు, ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే నెత్తుట్లో తిరుగుతాయి కనక. నా చేతిలో ఆ సూదీ లేదు, సూక్ష్మదర్శినీ లేదు. నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "అమ్మాయ్, పొద్దున్న లేచేసరికి వాపు తగ్గుతోందా?" తగ్గితే అది నిలబడ్డ వాపు. ముదిరిన బోదకాలు ఒక్క రాత్రి నిద్రకి తగ్గదు. ఆ ఒక్క మాటతో కొన్ని కాపురాలు నిలబడ్డాయని చెప్పగలను.

ఈ రెండు కాళ్ళ కథా ఒక మనిషి దగ్గర కలుస్తుంది. మాకు కూతవేటు దూరంలోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకి నాయకత్వం వహించిన రోజుల్లో, 1945లో అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. 1947లో అక్కడి నుంచే బోదకాలుకి హెట్రజాన్, అంటే డి.ఇ.సి., వచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయారు. నేను ఇంటింటికీ మోసిన సంచిలో గర్భిణికిచ్చే ఐరన్, ఫోలిక్ మాత్రలుండేవి. 2004 నుంచి ఊరందరికీ ఏటా మింగించిన డి.ఇ.సి. మాత్రలూ ఉండేవి. ఆ రెండో మాత్ర మాత్రం గర్భిణికి ఇవ్వకూడదు. ఒకటి మింగమని, ఒకటి వద్దని అదే గుమ్మంలో నిలబడి చెప్పేటప్పుడు, రెంటి వెనకా మా భీమవరం మనిషే ఉన్నాడని చెబితే ఆడవాళ్ళు ఆశ్చర్యంగా వినేవారు. ఆ ఫోలిక్ మాత్ర నరాలు తగ్గించదు. కానీ నెత్తురు పట్టిన మనిషికి నిలబడే ఓపిక వస్తుంది, అదీ లెక్కలోదే.

చెప్పుకోలేని చోట వచ్చే నరాల గురించి కూడా రాయాలి. గర్భిణులకి పిక్కల మీదే కాదు, మర్మస్థానంలోనూ సిరలు ఉబ్బుతాయి. కూర్చుంటే నొప్పి, నడిస్తే బరువు. భర్తకి చెప్పరు, అమ్మకీ చెప్పరు, ఏదో చెడ్డ జబ్బు తగిలిందని లోలోపల కుమిలిపోతారు. ఆడవాళ్ళ ఒంటిని ఆడవాళ్ళే చూడాలన్న అవసరం గుర్తించి 1885లో డఫ్రిన్ నిధి పెట్టారు. 1883లో గుంటూరు వచ్చిన ఆనా కుగ్లర్ 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు, లిడియా వోర్నర్ రాజమండ్రిలో ఆడవాళ్ళ ఆస్పత్రి నడిపారు. కానీ గణపవరం నుంచి గుంటూరుకీ రాజమండ్రికీ ఎంతమంది కూలి ఆడవాళ్ళు వెళ్ళగలిగారు? కొల్లేటి లంకల నుంచి దోనె మీద ఆకివీడు చేరడమే ఒక ప్రయాణం. లేడీ డాక్టరు మండలం దాకా వచ్చింది మా తరంలోనే. నేను చేసిందల్లా తలుపు దగ్గరగా వేసి, "అక్కడేమైనా బరువుగా ఉంటోందా తల్లీ?" అని నేనే ముందు అడగడం. అడిగాక ఏడ్చినవాళ్ళే ఎక్కువ. కాన్పైన కొద్ది వారాల్లో అవి అణగిపోతాయని, మామూలు కాన్పుకి అవి సాధారణంగా అడ్డు కావని చెబితే ఆ మొహాల్లో వచ్చే తేటదనం కోసమైనా ఆ ప్రశ్న ప్రతి గర్భిణినీ అడగాలి.

కట్టు సంగతికొస్తాను. సాగే క్రేప్ బ్యాండేజి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇచ్చేవాళ్ళం, లేనప్పుడు పాత నేత చీర అంచులు చింపి కట్టించాను. కాలి వేళ్ళ దగ్గర బిగువుగా మొదలుపెట్టి పైకి పోయేకొద్దీ వదులు చేయాలి. ఈ సూత్రం మీదే ఇవాళ వైద్యపు మేజోళ్ళు తయారవుతున్నాయి. వాటి పుట్టుక మా ఊరి ఆడవాళ్ళకి చెప్పదగ్గది. కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే అమెరికా ఇంజనీరుకి స్వయంగా ఈ నరాల జబ్బు ఉండేది. ఈత కొలనులో నిలబడినప్పుడు తన కాళ్ళు తేలికపడడం ఆయన గమనించాడు. నీళ్ళలో లోతుకి పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, పాదం దగ్గర ఎక్కువ, నడుం దగ్గర తక్కువ. అదే ఒత్తిడి గుడ్డలో నేయించి 1950 ప్రాంతంలో మేజోడు చేశాడు.

మా ఆడవాళ్ళు నాటు దిగి ఇంటికి రాగానే మొలలోతు కాలవలో చాలాసేపు నిలబడేవారు. బురద కడుక్కోవడానికి అంతసేపు అక్కర్లేదు. కాళ్ళకి హాయిగా ఉంటుందని నిలబడేవారు. మీటరు లోతు నీళ్ళలో పాదం మీద పడే ఒత్తిడి సుమారు 73 మిల్లీమీటర్ల పాదరసం. పైన చెప్పిన 80, 90 అంకెతో పోల్చి చూడండి, సిర లోపలి ఒత్తిడికి నీళ్ళు బయట నుంచి దాదాపు సరితూగుతున్నాయి. "నీళ్ళలోంచి రాగానే ఒంటికి పోతానండి, అప్పుడు ఒళ్ళు తేలికపడుద్ది" అని చెప్పేవారు. కాళ్ళలో నిలిచిన నీరు తిరిగి నెత్తుట్లో కలిసి మూత్రంగా పోవడమే అది. గర్భిణుల వాపుకి నీళ్ళలో నిలబడడం పనిచేస్తుందని 1990లలో అమెరికా డాక్టర్లు పరీక్షించి రాశారు. పొలం గట్టు మీదే మా వాళ్ళు కనిపెట్టుకున్న వైద్యం అది. ఇవాళ ఆ మాట నేను ధైర్యంగా చెప్పలేను. చేపల చెరువుల మురుగు కలిసిన కాలవలోకి, చర్మం పగిలిన కాళ్ళతో గర్భిణిని దిగమని ఎలా చెప్పను? శుభ్రమైన చెరువు ఒకటి ఊరికి దక్కి ఉంటే చెప్పేదాన్ని.

ఈ విషయం ప్రపంచంలోనూ ఎంత చిన్నచూపుకి గురైందో ఒక లెక్క ఉంది. గర్భిణుల ఉబ్బు నరాలకీ కాళ్ళ వాపుకీ ఏ వైద్యం పనిచేస్తుందని 2015లో కోక్రేన్ సంస్థ సమీక్ష చేస్తే, దొరికిన పరీక్షలు 7, వాటిలో పాల్గొన్న స్త్రీలు 326 మంది. నాటు రోజుల్లో మా నాలుగు ఊళ్ళ పొలాల్లో వంగిన నడుములు అంతకంటే ఎక్కువ ఉండేవి.

చట్టానికి మాత్రం ఈ సంగతి తెలుసు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం, నెలలు దగ్గరపడిన స్త్రీ కోరితే ఎక్కువసేపు నిలబడాల్సిన పని ఆమె చేత చేయించకూడదని స్పష్టంగా రాసింది. ఫ్యాక్టరీలకి, గనులకి, తోటలకి, తర్వాత పదిమందికి తగ్గకుండా పనిచేసే దుకాణాలకి అది వర్తించింది. వరి చేలో నాటు వేసే కూలి మనిషికి వర్తించలేదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టాలు సవరించాయి. ఎక్కువమంది ఆడవాళ్ళు నిలబడే చోటిని చూసి చేసిన చట్టాలవి.

మా వైపు రెండు మార్పులొచ్చాయి, ఒకటి మేలు, ఒకటి కీడు. కాన్పులు తగ్గాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటు కాన్పులు 1992-93లో 2.6 ఉంటే 2005-06 నాటికి 1.8కి దిగాయి. అమ్మమ్మ ఏడు కాన్పుల కాళ్ళు నా మనవరాలి తరానికి ఉండవు. చీలమండ పుండ్లు కూడా నా కళ్ళ ముందే తగ్గాయి. రెండోది, పొలాలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. మిగిలిన పొలాల్లో కొన్నిచోట్ల నాటు యంత్రాలొచ్చాయి, కొన్నిచోట్ల వెదజల్లుతున్నారు. నాటు పోయిన ఆడవాళ్ళు రొయ్యల షెడ్లకి వెళ్తున్నారు. ఐసు నీళ్ళు కారే సిమెంటు గచ్చు మీద, బల్ల ముందు, పూటంతా నిలబడి తలకాయలు తీయాలి. నాటులో కనీసం అడుగు తీసి అడుగు వేసేవారు, పిక్క కండ కొంచెమైనా పనిచేసేది. షెడ్డులో అదీ లేదు. ఒక షెడ్డులో ఆరో నెల అమ్మాయికి స్టూలు ఇప్పించమని అడగడానికి వెళ్ళాను. స్టూలు ఇస్తే అందరూ అడుగుతారన్నారు. అందరికీ ఇవ్వమన్నాను. ఇవ్వలేదు, ఆ అమ్మాయి పని మానేసింది. పక్కనే ఇంకో షెడ్డులో బెంచీలు వేశారు, పనేమీ తగ్గలేదు.

నన్ను ఇప్పటికీ ఇంటికొచ్చి అడుగుతారు. చెప్పేవి ఇవే. మంచం దిగకముందే, వాపు ఎక్కకముందే కట్టు కట్టుకో. ఎడమ పక్కకి తిరిగి పడుకో. గంటకోసారి కూర్చుని పాదాలు పైకీ కిందకీ ఆడించు. మొహం, చేతులు వాచినా, తలనొప్పి వచ్చి కళ్ళు బైర్లు కమ్మినా అది నరాల వాపు కాదు, వెంటనే బీపీ చూపించుకో. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, పిక్క ముట్టుకోనివ్వకపోతే లోపల నెత్తురు గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ కాలికి నూనె రాయొద్దు, నలపొద్దు, పొద్దు పోయిందని ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యి. దానికి గర్భిణికి ఇవ్వదగ్గ హెపారిన్ ఇంజక్షన్ ఉంది. ఈ మాటలు చూలింతకి చెప్పి ఊరుకోను. అత్తగారిని కూడా పిలిచి కూర్చోబెట్టి చెబుతాను, ఎందుకంటే ఆ ఇంట్లో మంచం కింద ఇటుకలు పెట్టించాల్సింది ఆవిడే.